నాలుగో ప్రశ్నకి టిక్కు

పదకొండు నెలలా? బాబూ, ఇంకొక్కసారి చూడండి. పదకొండు రోజులై ఉంటుంది. ఆ తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి, తొందరలో చదివేసి ఉంటారు.

నెలలేనా?

ఆహా! పదకొండు నెలలంటే ఏంటో తెలుసా మీకు? ఒక బిడ్డ కడుపున పడి, నెలలు నిండి, పుట్టి, అమ్మ మొహం చూసి నవ్వడం కూడా మొదలెడుతుంది. అంతవరకూ మా పాప ఇక్కడ డాక్టరుగారి గుమ్మం తొక్కకూడదన్నమాట. బాగుందయ్యా మీ వరస!

అరవడం లేదు బాబూ. నా గొంతే అంత. వీధి వీధీ తిరిగి, గుమ్మాల బయట నిలబడి పిలిచి పిలిచి గొంతు ఇలా తయారైంది.

అటు చూడండి. తలుపు దగ్గర ఆకుపచ్చ గౌను, అదే పాప. తలుపు తీస్తోంది, వేస్తోంది, తీస్తోంది, వేస్తోంది. వచ్చిన దగ్గర్నుంచీ అదే పని. మీ ప్యూను రెండుసార్లు కసిరాడు. పాపకి పట్టలేదు కానీ, వాళ్ళమ్మకి గుచ్చుకుంది. ఆ బెంచీ చివర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందే, ఆవిడే తల్లి. ఇరవై నాలుగేళ్ళు. మొహం చూస్తే నలభై అంటారు.

రెండు బస్సులు మారి వచ్చాం. మొదటి బస్సులో హారన్ మోగేసరికి పాప చెవులు మూసుకుని సీటు కిందికి దూరిపోయింది. ఎదురుసీటావిడ ఊరుకుంటుందా? "ఆడపిల్లకి ఇంత మొండితనమా? ఇప్పుడే నాలుగు తగిలించకపోతే రేపు నెత్తికెక్కి కూర్చుంటుంది" అంది. తల్లి కిటికీ వైపు తిరిగింది. నేనే అన్నాను, "మీ నెత్తి మీద కొప్పుకే చోటు చాలడం లేదు, మా పాప ఎక్కడెక్కుతుంది లెండి" అని.

హమ్మయ్య, నవ్వారు. ఆ నవ్వు మొహంతోనే ఇంకోసారి చూసి పెట్టండి, ఏదైనా దారి ఉందేమో.

ఉందా? మరి ముందే చెప్పొచ్చుగా మహానుభావా!

మూడేళ్ళ లోపు పిల్లలకి వేరే వరస. భేష్. పాపకి రెండేళ్ళ పది నెలలు. మూడు నిండటానికి ఇంకా ఎనిమిది వారాలుంది. వేసేయండి ఆ వరసలో. వచ్చే మంగళవారమే ఖాళీ అంటున్నారుగా. మంగళవారమైతే మరీ మంచిది, వాళ్ళాయన లారీ మీద వెళ్ళిపోతాడు, ఆయనకి చెప్పక్కర్లేదు.

కార్డా? ఇదిగో. మెల్లగా విప్పండి, మడతల దగ్గర చిరుగుతోంది.

ఏంటలా చూస్తున్నారు?

ఓహో. ఏడాదిన్నరప్పుడు నర్సు చేసిన ఎదుగుదల పరీక్షలో పది ప్రశ్నలకీ పది టిక్కులున్నాయి కాబట్టి పాపకి ఏ లోటూ లేదు. లోటు లేదు కాబట్టి మామూలు వరస. అనుమానం ఉందని నర్సు కార్డు మీద రాస్తేనే ముందు వరస. అంతేనా?

తల్లికి అనుమానం ఉంటే చాలదా?

కాదు, ఊరికే అడుగుతున్నాను. మూడేళ్ళ నుంచీ ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషి, "నా బిడ్డ నా కళ్ళలోకి చూడటం లేదండీ" అని పనులన్నీ మానుకుని వచ్చి చెప్తే అది చెల్లదు. ఎప్పుడో ఒకపూట పావుగంట కూర్చుని పోయిన నర్సు గీసిన గీత చెల్లుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

మీరు పెట్టిన రూలు కాదు, తెలుసు. కోప్పడకండి.

పాప సంగతి ఒక్కటి చెప్తాను, వినండి. దానికి దాహమేసిందనుకోండి. నీళ్ళని అడగదు. ఏడవదు. వాళ్ళమ్మ మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తీసుకెళ్ళి గ్లాసు మీద పెడుతుంది. అమ్మ మొహం వైపు చూడదు. ఆ చెయ్యి గరిటె అనుకోండి, పట్టకారు అనుకోండి, అంతే. ఆ మాట చెప్తూ ఆ పిల్ల, అదే, వాళ్ళమ్మ, నా దగ్గర ఎంత ఏడ్చిందో! "నేను దానికి చెయ్యినే గానీ అమ్మని కాదు పెద్దమ్మా" అంది.

మరి అత్తగారేమంటుందో తెలుసా? "ఎంత బుద్ధిమంతురాలో నా మనవరాలు, కూర్చోబెట్టిన చోట బొమ్మలా కూర్చుంటుంది" అని మురిసిపోతుంది. ఆడపిల్ల నోరెత్తకపోతే ఎవరికి అనుమానం వస్తుంది బాబూ? అదే మగపిల్లాడైతే ఈపాటికి నలుగురూ నాలుగు మందులు చెప్పేవాళ్ళు. ఆడపిల్లకి మాటలు రాకపోతే అణకువంటారు!

ఎప్పుడైనా తల్లి నోరు తెరిచి "ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అందా, అయిపోయింది. ఆ ముసలావిడ అలమర తలుపుకి గుచ్చి పెట్టుకున్న ఈ కార్డు పీకి, కోడలి మొహాన ఆడించేది. "పదికి పది! నర్సమ్మే రాసిచ్చింది. కన్నతల్లివై ఉండి బిడ్డకి వంకలు పెడతావా?" అని. ఆ మడతలన్నీ అలా పడ్డవే. ఏడాదికి పైగా ఆ పిల్ల నోటికి ఈ కార్డే తాళం వేసింది.

ఏంటీ?

ఏమన్నారు? కళ్ళు మూసుకుని గీసిందా?

చూడండి, నోరుంది కదాని ఎంత మాట పడితే అంత మాట అనకూడదు. కళ్ళు మూసుకుని ఎందుకు గీస్తుంది? ఏ నర్సూ కళ్ళు మూసుకుని గీయదు. ఎండలో పన్నెండు వీధులు తిరిగి, ఇంటికో మాట పడి, చేతులు కడుక్కుని, కింద కూర్చుని, ఒక్కో ప్రశ్నా చదివి, చూసి, అప్పుడు పెడుతుంది టిక్కు. ఈ ఫ్యాను కింద కూర్చుని అనడం తేలికే!

లేదు, ఏం లేదు. నాకెందుకు కోపం?

సరే, ఆ రూలేదో మళ్ళీ చెప్పండి. సంతకం చేసిన నర్సే వచ్చి, తన చేత్తో టిక్కు కొట్టేసి, పక్కన కారణం రాసి, మళ్ళీ సంతకం పెడితే పాపని ముందు వరసలో వేస్తారు. ఇంకెవరు రాసినా కుదరదు.

మరి ఆవిడ రాకపోతే?

రాదని కాదు... ఆవిడ కష్టాలు ఆవిడకుంటాయి కదా. ఇంకో నాలుగు నెలల్లో ఉద్యోగం ముగిసి, ఓ దండేసి, ఓ గోడ గడియారం చేతిలో పెట్టి పంపిస్తారు. ఇప్పుడు తన తప్పు తనే రాసిచ్చిందనుకోండి, ఆ కాగితం పై ఆఫీసుకి పోతుంది. ఒక కార్డు తప్పైతే మిగతావి ఒప్పేంటి అంటారు. ఆవిడ చూసిన పిల్లలందర్నీ మళ్ళీ చూడమంటారు. ఆవిడ పేరు... ఆవిడకి ఉన్నది ఆ పేరొక్కటే బాబూ.

అవును, నాకు బాగా తెలుసు. ఆవిడ గురించి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. మీకు ఇందాకే అర్థమై ఉంటుంది. తెలివైనవారు, ఊరుకున్నారు.

ఆ సంతకం నాదే.

నేను పాపకి అమ్మమ్మనీ కాదు, నాయనమ్మనీ కాదు. పెద్దమ్మా అని ఆ పిల్ల పిలిస్తే మీరూ అలాగే అనుకున్నారు, నేనూ ఊరుకున్నాను. ఆ వీధికి నర్సుని.

ఇలా ఇవ్వండి ఆ కార్డు. ఇదిగో, చూడండి, నాలుగో ప్రశ్న. "పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూస్తుందా?" దాని ఎదురుగా ఎంత నిండుగా ఉందో చూడండి టిక్కు. మిగతా తొమ్మిదింటికంటే లావుగా పెట్టాను. అంత సంతోషంగా పెట్టాను.

ఎలాగంటారా? చెప్తాను. నవ్వకండి.

నన్ను చూస్తే పిల్లలకి హడల్. సూదులామె అంటారు. నేను వీధి మలుపు తిరిగానంటే చాలు, ఆడుకునే పిల్లలు మంచాల కింద దూరతారు. అన్నం తినని పిల్లలకి తల్లులు నా పేరే చెప్పి తినిపిస్తారు. ఇరవై ఆరేళ్ళు బాబూ! ఇరవై ఆరేళ్ళుగా నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు వినపడేది ఏడుపే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్ద నర్సు ఓ చిట్కా చెప్పింది. "తాళాల గుత్తి ఆడించవే, ఏడుపు మర్చిపోతారు" అని.

అప్పట్నుంచీ అదే అలవాటు. మందుల అలమర తాళం, టీకాల పెట్టె తాళం, బండి తాళం, ఇంటి తాళం, అన్నీ ఒకే గుత్తి. గుమ్మంలోకి అడుగు పెడుతూనే ఎడమచేత్తో గలగలమనిపిస్తాను, నోటితో పేరు పెట్టి పిలుస్తాను. రెండూ ఒకేసారి. నా చెయ్యి ఆడుతున్నట్టు నాకే తెలియదు, అంత అలవాటు. ఆరేళ్ళ కింద ఈ పది ప్రశ్నల కార్డు వచ్చింది. నోరు మాత్రం కార్డు ప్రకారం అడిగింది, చెయ్యి పాత పనే చేసింది.

పిల్లలు తిరిగి చూశారు. తిరగరా మరి? గలగలమంటే ఎవరైనా తిరుగుతారు. నేను పిలిస్తే తిరిగారనుకుని టిక్కు పెట్టాను.

ఈ పాపైతే ఎంత చప్పున తిరిగిందనుకున్నారు! తిరగడమే కాదు, లేచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా మోకాలికి ఆనుకుని, గుత్తికి చెవి ఆనించి కూర్చుంది. నా బతుకులో తనంతట తాను నా దగ్గరికొచ్చి కూర్చున్న మొదటి బిడ్డ. నా మొహం వైపు ఒక్కసారీ చూడలేదన్న సంగతి నాకు తట్టిందా? తట్టలేదు. ఏడవలేదు, అది చాలు నాకు. వాళ్ళ నాయనమ్మతో "ఎంత చురుకైన పిల్లండీ మీ మనవరాలు!" అని చెప్పి మరీ వచ్చాను.

ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళి కూడా అదే తలుచుకున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరున్నారు? గ్యాస్ పొయ్యికి చెప్పాను.

ఒంటిగంటకి కిటికీ మూస్తారని తెలుసు బాబూ. మూయకండి. రాస్తున్నాను, రాస్తున్నాను. ఆ కాగితం ఇవ్వండి.

కార్డు సంఖ్య... వేశాను. ఎన్నో ప్రశ్న... నాలుగు. తప్పుకి కారణం. ఈ రెండంగుళాల గీతలో ఏం రాయను? "పేరుకి కాదు, తాళాల చప్పుడుకి తిరిగింది." చాలా? చదవడానికి వెర్రిగా లేదూ? ఉంటే ఉండనివ్వండి, జరిగింది అదే.

మిగతా పిల్లల సంగతా... అడుగుతారని తెలుసు. ఎంతమందో ఇప్పుడు చెప్పలేను. అందరికీ లోటుంటుందని కాదు. నూటికి తొంభైతొమ్మిది మంది పేరుకే తిరిగి ఉంటారు. కానీ ఆ ఒక్కరు ఎవరో నాకు తెలియదు కదా. ఈ నాలుగు నెలలూ ఉట్టి చేతులతో మళ్ళీ ఆ ఇళ్ళకి వెళ్తాను. తిట్టేవాళ్ళు తిడతారు. ఆ తర్వాత కూడా వెళ్ళొచ్చు, నాకు ఇంట్లో ముంచుకొచ్చే పనేముంది గనుక!

ఇదేంటి, ఇంకో గీత ఉంది?

"తప్పు ఎప్పుడు గుర్తించారు?"

తేదీ వేయాలా?

ఈరోజు తేదీ వేసేయమంటారా? మీరే అంటున్నారుగా, వేసేస్తే గొడవ లేదని. మంచి మనిషి మీరు బాబూ. నా మేలు కోరి చెప్తున్నారు. ఈరోజే తెలిసింది, ఈరోజే పరుగెత్తుకొచ్చి సరిదిద్దింది అని పై ఆఫీసువాళ్ళు మెచ్చుకున్నా మెచ్చుకుంటారు. గడియారంతో పాటు శాలువా కూడా కప్పుతారు.

కలం ఆగిపోయింది చూడండి.

ఆరు నెలలైంది.

వినపడలేదా? ఇంతకంటే గట్టిగా చెప్పలేను. అక్కడ తల్లి వింటుంది. ఆరు నెలల కిందటే తెలుసు నాకు.

అప్పుడు మందుల అలమర తాళం మారుస్తున్నారని గుత్తి మొత్తం మా కేంద్రంలోనే పెట్టి వెళ్ళాను. పాపకి ఏదో టీకా బాకీ ఉంది. వెళ్ళేసరికి గిన్నె మూత నేల మీద తిప్పుతూ కూర్చుంది. పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. మూత ఆగితే మళ్ళీ తిప్పుకుంది గానీ నా వైపు చూడలేదు. మూడోసారి దగ్గరికెళ్ళి, పక్కన చతికిలబడి పిలిచాను. ఊహూఁ. చెవులేమైనా వినపడవా అనుకున్నాను. అంతలో వాళ్ళమ్మ వంటింట్లో బిస్కెట్ల కాగితం చింపింది, అంత చిన్న చప్పుడు, లేచి పరుగెత్తింది!

నా ఎడమచెయ్యి ఉట్టిగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చుండిపోయాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం కదా, అంతా ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

టీకా వేశాను. బరువు తూచాను. పదకొండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. కార్డు మీద బరువు రాశాను. ఇంకేమీ రాయలేదు. ఇదిగో, ఈ అంకె, ఇది నా చేతివ్రాతే.

ఎందుకా? అందరూ ఉద్యోగం కోసమే అనుకుంటారు. మీరూ అలాగే అనుకోండి, అదీ కొంత ఉంది.

కానీ బాబూ, ఆ ఇల్లొకటుంది చూడండి. మిగతా ఇళ్ళన్నిట్లో నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడతారు, పిల్లలు బెదురుతారని. ఆ ఇంట్లో నేను కనపడగానే ఆ పిల్ల కుర్చీ తెచ్చి వేస్తుంది. "కూర్చో పెద్దమ్మా, ఎండన పడొచ్చావు" అంటుంది. టీ ఇస్తుంది. నేను తాగేదాకా తనూ ఎదురుగా కూర్చుంటుంది. దానికీ మాట్లాడటానికి ఎవరూ లేరు, నాకూ లేరు. వచ్చే శుక్రవారం కూడా మా వీధికి రావా అని అడుగుతుంది. ఇంటింటికీ పనిమీద వెళ్ళేదాన్ని, ఆ ఇంటికి మాత్రం పనిలేకుండా కూడా వెళ్ళేదాన్ని.

నోరు విప్పితే ఆ కుర్చీ పోతుంది. అంతే బాబూ. ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసం ఆరు నెలలు నోరు మూసుకున్నాను. ప్రతి శుక్రవారం "ఈరోజు చెప్పేయాలి" అనుకుంటూ వెళ్ళడం, టీ తాగి రావడం. ఆ పిల్ల "నాకేనా పెద్దమ్మా పిచ్చి? అందరూ బాగుందనే అంటారు" అని నన్నే అడిగితే... "తొందరపడకమ్మా, చూద్దాం" అన్నాను. నేనే అన్నాను ఆ మాట. వాళ్ళత్త కార్డు ఆడించి అన్న మాటకీ నా మాటకీ తేడా ఏముంది?

ఈ చోటు గురించి నేను చెప్పలేదు. ఎవర్నో అడిగి తనే కనుక్కుంది. "ఇంట్లో తెలిస్తే చంపేస్తారు, తోడొస్తావా పెద్దమ్మా?" అని నన్నే అడిగింది. తోడు రావడం కూడా నా గొప్ప కాదు.

ఆరు నెలలంటే మీకు ఏం కనపడుతుందో గానీ, మాకు తెలుసు. ఈ వయసులో పిల్లలకి ఆరు నెలలంటే మామూలు మాటా! ఈ పాటికి ఇక్కడ ఎవరో ఒకరు దాని ఎదురుగా కూర్చుని, నీళ్ళు ఎలా అడగాలో బొమ్మలు చూపించి నేర్పుతూ ఉండేవాళ్ళు. ఆ కాలం నేను తాగేశాను, కప్పులో పోసుకుని.

వద్దు, ఈరోజు తేదీ వద్దు. నా చేత ఇంకో దొంగ టిక్కు పెట్టించకండి. లోపల డాక్టరుగారైనా నిజం తెలుసుకోవాలి కదా. ఇదిగో వేశాను, ఆరు నెలల కిందటి తేదీ. సంతకం. కింద పేరు. చూసుకోండి, అన్నీ నిండాయా?

మంగళవారం ఎన్నింటికి? తొమ్మిదిన్నర. ఆ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి, ఆ పిల్ల పదిసార్లు చూసుకుంటుంది.

తల్లికి మీరేం చెప్పకండి. నేనే చెప్తాను. మీరు ముందు ముద్ర వేయండి, ముద్ర పడ్డాక అయితేనే నాకు ధైర్యం. లేకపోతే మళ్ళీ "చూద్దాం" అనేస్తానేమో, నన్ను నేను నమ్మను.

అదిగో, లేచి వస్తోంది. మీ చేతిలో చీటీ చూసింది. ఎన్నాళ్ళకి నవ్విందో చూడండి! "నీవల్లే అయింది పెద్దమ్మా" అంటుంది ఇప్పుడు, వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది.

నిజమే బాబూ. అంతా నావల్లే అయింది.

ఇలా ఇవ్వండి ఆ చీటీ.